ఇంగ్లండ్–స్కాట్లాండ్ రాజవంశాలు: ట్యూడర్ల తర్వాత స్టూవర్ట్‌లు ఏ హక్కుతో వచ్చారు? (చర్చ)

#1 పటాలపెట్టె

ఇంగ్లండ్, స్కాట్లాండ్ రాజవంశాలు రెండింటినీ ఒకే పటంలో గీస్తున్నాను. 1066లో మొదలుపెట్టి 1714లో ఆపాలని. 1503లో మార్గరెట్ ట్యూడర్ పెళ్ళి, 1603లో స్కాట్లాండ్ రాజు 6వ జేమ్స్ ఇంగ్లండ్‌కీ రాజవడం అందరికీ తెలిసినవే. తేలనివి మూడున్నాయి. 8వ హెన్రీ వీలునామాలో స్కాట్లాండ్ శాఖ ఊసే లేదు కదా, మరి ఆ వీలునామాను ఎవరు, ఎప్పుడు కొట్టేశారు? జేమ్స్ తండ్రి డార్న్లీని ఏ కొమ్మకి తగిలించాలి? 1503కి ముందు ఈ రెండు వంశాలు ఎక్కడెక్కడ కలిశాయి?

#2 కోటబురుజు

డార్న్లీతో మొదలుపెడతాను. పటాల్లో ఎక్కువ తప్పులు దొర్లేది అక్కడే.

7వ హెన్రీ పెద్ద కూతురు మార్గరెట్. 1503 ఆగస్టు 8న హోలీరూడ్‌లో స్కాట్లాండ్ రాజు 4వ జేమ్స్‌తో పెళ్ళి. అప్పటికి ఆమెకి పదమూడేళ్ళు. వాళ్ళ కొడుకు 5వ జేమ్స్, అతని కూతురు మేరీ, మేరీ కొడుకు 6వ జేమ్స్. ఇది మొదటి గీత.

1513 సెప్టెంబరు 9న ఫ్లాడెన్ యుద్ధంలో 4వ జేమ్స్ చనిపోయాడు. మరుసటి ఏడాది మార్గరెట్ ఆంగస్ ప్రభువు ఆర్చిబాల్డ్ డగ్లస్‌ని మారుమనువు చేసుకుంది. ఆ పెళ్ళికి పుట్టింది మార్గరెట్ డగ్లస్. ఆమె లెనాక్స్ ప్రభువు మాథ్యూ స్టూవర్ట్‌ని చేసుకుంది, వాళ్ళ కొడుకే డార్న్లీ. ఇది రెండో గీత. రెండూ 6వ జేమ్స్ దగ్గర కలుస్తాయి.

అంటే 1565 జూలై 29న జరిగింది మన లెక్కలో అచ్చమైన మేనరికం: మేరీ తన మేనత్త కొడుకుని చేసుకుంది. కాకపోతే మేరీ తండ్రి, ఆ మేనత్త ఒకే తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. మనకి అది వరసైన సంబంధం. చర్చి లెక్కలో మాత్రం నిషిద్ధం, పోపు మినహాయింపు కావాలి. అది చేతికి అందకముందే పెళ్ళి జరిగిపోయింది.

పటంలో మార్గరెట్ ట్యూడర్ పక్కన భర్తల పేర్లు రెండూ వేసి, ఎవరి పిల్లల్ని వారి కిందే దింపండి. ఒక్క భర్తనే చూపి పిల్లలిద్దర్నీ అతని కింద పెడితే డార్న్లీ 4వ జేమ్స్‌కి మనవడైపోతాడు. అలా అచ్చయిన పటాలున్నాయి.

#3 చుక్కానిపట్టు

డార్న్లీ ఇంటిపేరు కూడా స్టూవర్టే కదా. అందుకే మేరీ పెళ్ళి తర్వాత వంశం పేరు మారలేదు. చాలామంది దీన్ని చూడకుండా "ఆడపిల్ల ద్వారా వచ్చినా పేరెలా నిలిచింది" అని అడుగుతుంటారు.

#4 కోటబురుజు

అవును. అయితే డార్న్లీ పురుషశాఖ రాజైన స్టూవర్ట్‌లది కాదు. 2వ రాబర్ట్ 1371లో సింహాసనం ఎక్కడానికి ముందే, ఆ కుటుంబం ఇంకా వంశపారంపర్య స్టూవర్డ్ (రాజగృహ నిర్వాహకుడి) పదవిలో ఉన్నప్పుడే చీలిన శాఖ అది. లెనాక్స్‌లకి స్కాట్లాండ్ రాజరక్తం 2వ జేమ్స్ కూతురు మేరీ ద్వారా వచ్చింది. అదే రాకుమార్తె నుంచి హామిల్టన్‌లూ దిగారు. స్కాట్లాండ్ వారసత్వంలో "తర్వాత ఎవరు" అని హామిల్టన్, లెనాక్స్ కుటుంబాలు తరతరాలు కొట్టుకున్నాయంటే కారణం ఇదే. పటంలో చోటు లేకపోతే ఈ మూడో గీత వదిలేయండి, ఇంగ్లండ్ కిరీటానికి దానితో పనిలేదు.

#5 దస్తావేజు

వీలునామా సంగతి. కొట్టేశారా అంటే, ఎవరూ కొట్టేయలేదు. కాగితాల వరస చూడండి.

1544 మొదట్లో పార్లమెంటు వారసత్వ చట్టం చేసింది. 8వ హెన్రీ పిల్లలు ముగ్గురూ వరసగా: ఎడ్వర్డ్, తర్వాత మేరీ, తర్వాత ఎలిజబెత్. ఆ తర్వాత ఎవరన్నది రాజు అధికార పత్రం ద్వారా గాని, స్వహస్తంతో సంతకం చేసిన వీలునామా ద్వారా గాని నిర్ణయించవచ్చు. "స్వహస్తంతో" అన్న షరతు చట్టంలోనే ఉంది, గుర్తుపెట్టుకోండి.

వీలునామా తేదీ 1546 డిసెంబరు 30. రాజు పోయింది 1547 జనవరి 28. ముగ్గురు పిల్లల తర్వాత కిరీటం హెన్రీ చెల్లెలు మేరీ కూతుళ్ళయిన ఫ్రాన్సెస్ సంతానానికి, ఆ పైన ఎలినార్ సంతానానికి పోవాలి. ఫ్రాన్సెస్‌కి కాదు, ఆమె సంతానానికి. పటాల్లో ఈ తేడా కనిపించదు. అక్క మార్గరెట్ శాఖ పేరు ఎక్కడా లేదు, చివరన "ఆపై న్యాయమైన వారసులకు" అన్న ముక్కలో ఇముడుతుందేమో అంతే.

లోపం సంతకంలో ఉంది. చివరి రోజుల్లో హెన్రీ చేత్తో సంతకం చేయడం దాదాపు మానేశాడు. సంతకం ఆకారంలో చెక్కిన అచ్చుని కాగితం మీద గట్టిగా నొక్కేవారు, పడిన గాడిలో గుమాస్తా సిరా నింపేవాడు. ఆ పని చేసిన విలియం క్లర్క్, ముద్రపడిన పత్రాలకి నెలవారీ జాబితా రాసేవాడు. 1547 జనవరి జాబితాలో ఈ వీలునామా ఉంది! స్కాట్లాండ్ రాణి మేరీ మంత్రి మైట్లాండ్ పట్టుకున్న వాదన ఇదే: చట్టం అడిగింది రాజు చెయ్యి, కాగితం మీద ఉన్నది అచ్చు, కాబట్టి ఆ భాగం చెల్లదు.

ఏ న్యాయస్థానమూ దీన్ని తేల్చలేదు.

#6 ఉత్తరగాలి

దస్తావేజు గారు చెప్పినది సరే గానీ, ముద్ర వాదన లేకపోయినా జేమ్సే వచ్చేవాడని నా అభిప్రాయం. ఫ్రాన్సెస్ శాఖలో మిగిలిందెవరు? పెద్ద కూతురు, తొమ్మిది రోజుల రాణి జేన్ గ్రే తల 1554లో తెగింది. కాథరిన్ గ్రే 1560లో ఎడ్వర్డ్ సీమోర్‌ని రహస్యంగా చేసుకుంది. తర్వాత విచారణ జరిపితే పెళ్ళి చేసిన పాస్టరు దొరకలేదు, ఉన్న ఒక్క సాక్షీ అప్పటికే చనిపోయింది. పెళ్ళి చెల్లదన్నారు, కొడుకులిద్దరూ అక్రమ సంతానమైపోయారు. చిన్నామె మేరీ గ్రే 1578లో పిల్లలు లేకుండా పోయింది. ఎలినార్ శాఖలో ఆన్ స్టాన్లీ మిగిలింది, ఆమె వెనక సైన్యమూ లేదు, పక్షమూ లేదు.

మరి జేమ్స్? అప్పటికే ఒక రాజ్యం ఏలుతున్నవాడు, ప్రొటెస్టెంటు, ఇద్దరు కొడుకులున్నవాడు. యాభై ఏళ్ళుగా మగ రాజుని చూడని దేశానికి ఇంతకంటే ఏం కావాలి?

#7 దస్తావేజు

రాజకీయంగా మీ మాట ఒప్పుకుంటాను. చట్టం దృష్టిలో జేమ్స్‌కి ఇంకో అడ్డంకి ఉంది, అది వీలునామా కంటే బలమైనది. ఇంగ్లండ్ సామాన్య న్యాయం ప్రకారం పరదేశంలో పుట్టినవాడు ఇంగ్లండ్‌లో భూమికి వారసుడు కాలేడు. ఎకరం భూమికే అర్హత లేనివాడికి రాజ్యమెలా వస్తుందన్నది ప్రత్యర్థుల ప్రశ్న. 1351 నాటి శాసనం రాజు సంతానాన్ని మినహాయించింది. కానీ ఆ మాట కన్నబిడ్డల వరకేనా, మునిమనవళ్ళదాకా సాగుతుందా అన్నది తెగలేదు.

డార్న్లీ పెళ్ళి అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. మార్గరెట్ డగ్లస్ పుట్టింది నార్తంబర్లాండ్‌లోని హార్బాటిల్ కోటలో, అంటే సరిహద్దుకి ఇంగ్లండ్ వైపు. డార్న్లీ పుట్టింది యార్క్‌షైర్‌లో. మేరీ హక్కుకి ఉన్న పరదేశి మచ్చ డార్న్లీ హక్కుకి లేదు. అతని తమ్ముడు చార్లెస్ కూతురు అరబెల్లా స్టూవర్ట్ 1575లో ఇంగ్లండ్‌లోనే పుట్టింది, అందుకే ఆమె పేరు వినబడినప్పుడల్లా జేమ్స్‌కి గుబులు. 1610లో ఆమె పెళ్ళాడింది ఎవర్ననుకున్నారు, కాథరిన్ గ్రే మనవడు విలియం సీమోర్‌ని. రెండు ప్రత్యర్థి శాఖలు ఒక్క పెళ్ళితో కలిశాయి. జేమ్స్ ఇద్దర్నీ బంధించాడు. ఆమె 1615లో లండన్ టవర్‌లోనే చనిపోయింది.

#8 పటాలపెట్టె

అయితే 1603లో చట్టపరంగా ఏం జరిగినట్టు?

#9 దస్తావేజు

ముందు రాజయ్యాడు, చట్టం తర్వాత వచ్చింది. ఎలిజబెత్ మార్చి 24 తెల్లవారుజామున రిచ్‌మండ్‌లో పోయింది. ఆ ఉదయమే ఆమె మంత్రి రాబర్ట్ సెసిల్ జేమ్స్ పేరు ప్రకటించాడు. ఆ ప్రకటన ముసాయిదాని ముందుగానే జేమ్స్‌కి పంపి చూపించాడు కూడా. ఆ వార్త మోసుకుని రాబర్ట్ కేరీ గుర్రాలు మార్చుకుంటూ 26 రాత్రికి ఎడిన్‌బరో చేరాడు. పార్లమెంటు కూర్చున్నది మరుసటి ఏడాది మార్చిలో. అప్పుడు చేసిన గుర్తింపు చట్టం, జేమ్స్ 7వ హెన్రీకీ ఎలిజబెత్ ఆఫ్ యార్క్‌కీ పెద్ద కూతురైన మార్గరెట్ వారసుడని చెప్పి, కిరీటం అతనికి పుట్టుకతోనే సంక్రమించిందని "గుర్తించింది". ఇచ్చామని అనలేదు. 8వ హెన్రీ వీలునామా ప్రస్తావన లేదు. పరదేశి ప్రశ్న 1608లో కాల్విన్ కేసులో కొంత తెగింది: 1603 తర్వాత స్కాట్లాండ్‌లో పుట్టినవాళ్ళు ఇంగ్లండ్‌లో పరదేశులు కారు. అది ప్రజల సంగతి, రాజుది కాదు.

పటంలో గ్రే శాఖని చూపించి, దాని పక్కన "1544 చట్టం, 1546 వీలునామా" అని రాయండి. అది లేకుండా గీస్తే జేన్ గ్రే తొమ్మిది రోజుల కథ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూసేవాళ్ళకి అర్థం కాదు.

#10 చుక్కానిపట్టు

తేదీలు వేసేటప్పుడు జాగ్రత్త. ఇంగ్లండ్‌లో అప్పట్లో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, 1752 దాకా అదే పద్ధతి. ఆ లెక్కన ఎలిజబెత్ పోయింది 1602వ సంవత్సరం ఆఖరి రోజున. స్కాట్లాండ్ మాత్రం 1600 నుంచే జనవరి 1కి మారింది. అందుకే ఒకే సంఘటనకి లండన్ కాగితంలో 1602, ఎడిన్‌బరో కాగితంలో 1603 కనిపిస్తాయి. స్కాట్లాండ్ రాణి మేరీ ఉరికంబం కథలు రాసేవాళ్ళకి ఒక మనవి: అది ఉరి కాదు, గొడ్డలి వేటు, 1587 ఫిబ్రవరి 8. పాత కాగితాల్లో 1586 అని ఉంటుంది. దస్తావేజు గారు చెప్పిన 1544 చట్టం కూడా కొన్ని పుస్తకాల్లో 1543 చట్టంగానే ఉంటుంది. పటం మొత్తానికి జనవరి 1 లెక్క ఒక్కటే వాడి, కింద ఆ ముక్క రాసేయండి.

#11 రాతిపలక

మూడో ప్రశ్న నాకు వదిలారు కాబట్టి కాస్త నిడివిగా రాస్తాను.

అన్నిటికంటే ముఖ్యమైన కలయిక 1100 నవంబరు 11. నార్మన్ రాజు 1వ హెన్రీ స్కాట్లాండ్ రాకుమారి ఈడిత్‌ని చేసుకున్నాడు. పెళ్ళయ్యాక ఆమె పేరు మటిల్డా. ఆమె తండ్రి 3వ మాల్కమ్, తల్లి మార్గరెట్. ఈ మార్గరెట్ పాత ఇంగ్లండ్ రాజు ఎడ్మండ్ ఐరన్‌సైడ్ మనవరాలు. 1066లో నార్మన్లు పక్కకి నెట్టేసిన వెస్సెక్స్ రక్తం స్కాట్లాండ్ మీదుగా తిరిగి ఇంగ్లండ్ సింహాసనం ఎక్కింది ఇక్కడే. ఈడిత్ కన్యాశ్రమంలో పెరిగింది కాబట్టి సన్యాసం పుచ్చుకుందేమోనని అభ్యంతరం వచ్చింది. ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ పెద్దల్ని కూర్చోబెట్టి, పుచ్చుకోలేదని తేల్చాకే పెళ్ళి జరిగింది.

వాళ్ళ కూతురు చక్రవర్తిని మటిల్డా, ఆమె కొడుకు 2వ హెన్రీ. అంటే ప్లాంటాజెనెట్‌లందరూ 3వ మాల్కమ్ సంతతే. ఇంకో విచిత్రం: మటిల్డాతో సింహాసనం కోసం పోరాడిన స్టీఫెన్ భార్య పేరూ మటిల్డాయే, ఆమె తల్లి కూడా 3వ మాల్కమ్ కూతురే. స్కాట్లాండ్ రాజు 1వ డేవిడ్ ఇద్దరికీ మేనమామ. చక్రవర్తిని మటిల్డా పక్షాన 1138లో స్టాండర్డ్ యుద్ధానికి దిగి ఓడిపోయాడు. పటంలో ఈ ఇద్దరు మటిల్డాలకీ తండ్రుల పేర్లు తప్పక రాయండి.

తర్వాత రెండు పెళ్ళిళ్ళు. 2వ అలెగ్జాండర్ 1221లో జాన్ రాజు కూతురు జోన్‌ని చేసుకున్నాడు, పిల్లలు లేరు. 3వ అలెగ్జాండర్ 1251లో 3వ హెన్రీ కూతురు మార్గరెట్‌ని చేసుకున్నాడు. పిల్లలు ముగ్గురూ తండ్రి కంటే ముందే పోయారు. 1286 మార్చిలో రాజు గుర్రం మీంచి పడి చనిపోయేసరికి మిగిలింది నార్వేలో ఉన్న పసిపిల్ల, అతని కూతురి కూతురు మార్గరెట్. ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్‌తో ఆమె పెళ్ళికి 1290లో బర్గమ్ ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే ఆర్క్‌నీలో పిల్ల చనిపోయింది. బతికి ఉంటే రెండు కిరీటాలు మూడు వందల ఏళ్ళ ముందే కలిసేవి.

ఆ ఖాళీలోకి 13 మంది హక్కుదారులు దిగారు. తీర్పరి ఇంగ్లండ్ రాజు 1వ ఎడ్వర్డ్, సలహాకి 104 మంది: బ్రూస్ పక్షం 40, బాలియోల్ పక్షం 40, రాజు తరఫున 24. అసలు పోటీ 1వ డేవిడ్ మనవడైన హంటింగ్డన్ ప్రభువు డేవిడ్ ముగ్గురు కూతుళ్ళ సంతతి మధ్యే. పెద్ద కూతురి కూతురి కొడుకు జాన్ బాలియోల్. రెండో కూతురి కొడుకు రాబర్ట్ బ్రూస్. మూడో కూతురి మనవడు జాన్ హేస్టింగ్స్. బ్రూస్ వాదన, "నేను ఒక తరం దగ్గరవాణ్ణి." బాలియోల్ వాదన, "నాది పెద్ద శాఖ." హేస్టింగ్స్ అయితే రాజ్యాన్ని మూడు వాటాలు వేయమన్నాడు, ఆడపిల్లల మధ్య భూమి పంచినట్టు. 1292 నవంబరు 17న బెరిక్‌లో తీర్పు: రాజ్యం పంపకానికి పనికిరాదు, పెద్ద శాఖదే హక్కు. బాలియోల్ రాజయ్యాడు.

1306లో రాజైన రాబర్ట్ బ్రూస్ ఈ హక్కుదారుడు కాదు, ఇతని మనవడు. ఆ పేరు ముగ్గురికీ ఉంది: తాత, తండ్రి, మనవడు. నేను చూసిన పటాల్లో సగానికి పైగా తండ్రిని మింగేశాయి.

#12 ఉత్తరగాలి

రాతిపలక గారి పోస్టుకి కొనసాగింపు. 1328 సంధి ప్రకారం బ్రూస్ కొడుకు డేవిడ్‌కీ 3వ ఎడ్వర్డ్ చెల్లెలు జోన్‌కీ పెళ్ళి చేశారు, పిల్లలు లేరు. వారసుడు అక్క మార్జొరీ కొడుకు రాబర్ట్ స్టూవర్డ్. మేనమామ 1324లో పుడితే మేనల్లుడు 1316లో పుట్టాడు! తన కంటే పెద్దవాడు వారసుడిగా కాచుకుని ఉండటం 2వ డేవిడ్‌కి బొత్తిగా నచ్చలేదు. 1363లో ఇంగ్లండ్ రాజుకే రాజ్యం రాసిచ్చే బేరం కుదుర్చుకొచ్చాడు, బదులుగా ఇంగ్లండ్ చెర నుంచి తన విడుదల కోసం కట్టాల్సిన భారీ విమోచన సొమ్ము మాఫీ కావాలని. 1364లో స్కోన్ పార్లమెంటు ససేమిరా అంది. 1371లో డేవిడ్ హఠాత్తుగా చనిపోతే 55 ఏళ్ళ వయసులో 2వ రాబర్ట్ రాజయ్యాడు. స్టూవర్ట్‌ల పాలన అక్కణ్ణుంచి.

ఆ తర్వాతది అందరూ మరిచిపోయే కలయిక. ఇంగ్లండ్‌లో 18 ఏళ్ళు బందీగా ఉన్న 1వ జేమ్స్ 1424లో జోన్ బ్యూఫోర్ట్‌ని చేసుకుని ఇంటికొచ్చాడు. ఆమె అన్న కూతురు మార్గరెట్ బ్యూఫోర్ట్, 7వ హెన్రీ తల్లి. లెక్కేయండి: 4వ జేమ్స్, అతని భార్య మార్గరెట్ ట్యూడర్ ఇద్దరూ జోన్ తండ్రి జాన్ బ్యూఫోర్ట్‌కి నాలుగో తరం. 1503 పెళ్ళికీ పోపు మినహాయింపు తెచ్చుకోవాల్సి వచ్చింది.

#13 పటాలపెట్టె

బ్యూఫోర్ట్ గీత నా దగ్గర లేదు, చేరుస్తాను. అంకెల సంగతి ఏం చేయమంటారు? ఒకే మనిషి 6వ జేమ్సూ, 1వ జేమ్సూ.

#14 కోటబురుజు

1603 నుంచి 1707 దాకా రాజు ఒకడే, రాజ్యాలు రెండు, పార్లమెంట్లు రెండు. కాబట్టి రెండు అంకెలూ వేయాలి: 6/1వ జేమ్స్, 7/2వ జేమ్స్. విలియం ఇంగ్లండ్‌లో 3, స్కాట్లాండ్‌లో 2. అతని భార్య మేరీ మాత్రం రెండు చోట్లా 2వ మేరీయే, ఎందుకంటే మొదటి మేరీ ఇక్కడొకరు, అక్కడొకరు ఉన్నారు. చార్లెస్‌లకి గొడవ లేదు.

ఇది పాత గొడవే అనుకోకండి. 1952లో 2వ ఎలిజబెత్ రాణి అయినప్పుడు స్కాట్లాండ్‌కి మొదటి ఎలిజబెత్ ఎవరని తగువు లేచింది. ఆమె గుర్తు ఉన్న పోస్టు డబ్బాని ఎడిన్‌బరోలో 1953లో పేల్చేశారు. కోర్టులో మెకార్మిక్ వేసిన కేసు ఓడిపోయింది. కానీ ఆ తర్వాత స్కాట్లాండ్ పోస్టు డబ్బాల మీద ఆ అంకె బదులు స్కాట్లాండ్ కిరీటమే వేశారు.

#15 దస్తావేజు

"రాజ్యాలు రెండు" అన్నది తేదీల్లోనూ కనిపించాలి. 6/1వ జేమ్స్ కొడుకు 1వ చార్లెస్ తల తెగిన ఆరు రోజులకే, 1649 ఫిబ్రవరి 5న, ఎడిన్‌బరో అతని కొడుకు 2వ చార్లెస్‌ని రాజుగా ప్రకటించింది. 1651 జనవరి 1న స్కోన్‌లో పట్టాభిషేకమూ చేసింది. ఇంగ్లండ్ అతన్ని ఒప్పుకున్నది 1660లో. 7/2వ జేమ్స్ పారిపోయాక 1689లోనూ అంతే. విలియం, మేరీలకి ఇంగ్లండ్ కిరీటం ఫిబ్రవరి 13న, స్కాట్లాండ్ కిరీటం ఏప్రిల్ 11న. ఇంగ్లండ్ "జేమ్స్ సింహాసనం వదిలిపోయాడు" అంది, స్కాట్లాండ్ "హక్కు పోగొట్టుకున్నాడు" అంది. రెండోది చాలా సూటి మాట.

విలియం పరాయివాడు కాదు, 1వ చార్లెస్ కూతురి కొడుకు. మేరీ, ఆన్ 7/2వ జేమ్స్ కూతుళ్ళు. రక్తం లెక్కన ఆన్ విలియం కంటే ముందుండాలి, ఒప్పందంతో వెనక్కి జరిగింది.

#16 ఉత్తరగాలి

1700లో ఆన్ ఆఖరి బిడ్డ పోయాక ఇంగ్లండ్ 1701 చట్టంతో హానోవర్ సోఫియాని ఎంచుకుంది. స్కాట్లాండ్‌ని మాట వరసకైనా అడగలేదు. సోఫియా 6/1వ జేమ్స్ కూతురు ఎలిజబెత్‌కి కూతురు. రక్తం వరసలో ఆమెకి ముందు యాభై మందికి పైగా ఉన్నారు, అందరూ కాథలిక్కులు కాబట్టి దాటేశారు.

స్కాట్లాండ్ 1704లో భద్రతా చట్టం తెచ్చింది: మా షరతులు ఒప్పుకోకపోతే మీ రాజు మాకొద్దు, మేం వేరే ప్రొటెస్టెంటుని ఎంచుకుంటాం. 1705లో ఇంగ్లండ్ పరదేశుల చట్టంతో తిరిగి కొట్టింది: డిసెంబరు 25లోగా దారికి రాకపోతే స్కాట్‌లు పరదేశులు, వాళ్ళ నార బట్ట, పశువులు, బొగ్గు మాకొద్దు. బేరం చివరికి 1707 మే 1న ఏకీకరణ దాకా వెళ్ళింది. ఒప్పందంలో రెండో అధికరణమే హానోవర్ వారసత్వం.

దీని వెనక డబ్బు కూడా ఉంది. 1611లో మచిలీపట్నంలో కొఠీ తెరిచిన కంపెనీ ఇంగ్లండ్‌ది, రాజు ఒకడే అయినా స్కాట్‌లకి అందులో వాటా హక్కు లేదు. 1695లో వాళ్ళు సొంత కంపెనీ పెట్టుకున్నారు. అది పనామా దగ్గర డేరియన్ వలసలో మునిగింది.

#17 పటాలపెట్టె

ఆఖరి ప్రశ్న. 1714 ఆగస్టు 1న ఆన్ పోయింది, సోఫియా అంతకు రెండు నెలల ముందే పోయింది కాబట్టి ఆమె కొడుకు 1వ జార్జ్. పక్కన పెట్టిన 7/2వ జేమ్స్ కొడుకు శాఖని ఎక్కడ ఆపాలి?

#18 కోటబురుజు

1688లో పుట్టిన జేమ్స్, అతని కొడుకులు చార్లెస్, హెన్రీ. చార్లెస్ 1746లో కల్లోడెన్‌లో ఓడి, 1788లో సక్రమ సంతానం లేకుండా పోయాడు. హెన్రీ కార్డినల్, కాబట్టి పెళ్ళి లేదు, 1807లో పోయాడు. ఆ తర్వాత ఆ వరస 1వ చార్లెస్ కూతురు హెన్రియెట్టా సంతతి వైపు, సవాయ్ వంశంలోకి మళ్ళుతుంది. వాళ్ళలో ఎవరూ కిరీటం మాదని బహిరంగంగా అడగలేదు. చుక్కల గీతతో 1807 దాకా లాగి ఆపేయండి. హెన్రియెట్టా పేరు 2వ చార్లెస్ పక్కన ఎలాగూ వేస్తారు, అక్కడ ఒక బాణం గుర్తు చాలు.